ఆరో నంబరు రాయి

తప్పులుంటే మన్నించాలి. నాకు అక్షరాలు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. ఒత్తులు ఇప్పటికీ నా మాట సరిగా వినవు. ఈ నాలుగు పేజీలు రాయడానికి పన్నెండు రోజులు పట్టింది. ఇందులో గొడవంతా మాత్రం ఒక్క పగటిపూటలో జరిగిపోయింది.

మైదుకూరు బండల వీధిలో పరుపులు కుట్టే మాబాషా ఆ గురువారం తెల్లవారగానే రెండు పనులు అనుకున్నాడు. ఎండ ముదరక ముందే ఊరి చివర ఆటల మైదానం కొలిచి రావాలి. తరువాత అంగడికి వచ్చి సగం కుట్టిన పరుపు పూర్తి చేయాలి. రెండోది ఇరవై ఎనిమిదేళ్లుగా చేస్తున్న పని కనుక దాని గురించి దిగులు లేదు. మొదటిదే మూడు రోజులుగా అన్నం సయించనివ్వడం లేదు.

మాబాషా పుట్టి బుద్ధెరిగి ఏనాడూ బంతిని కాలితో తన్నలేదు. కానీ బండల వీధి ఫుట్‌బాల్ జట్టు అంటే ప్రాణం పెడతాడు. వాళ్ల చొక్కాలు కుట్టింది తనే, గోలు వల తెగితే ముడివేసేది తనే, ఆట జరుగుతుంటే గీత పక్కన నిలబడి గొంతు పోగొట్టుకునేదీ తనే. పోయిన చలికాలం చుట్టుపక్కల ఎనిమిది జట్లు ఆడిన పోటీలో బండల వీధి జట్టు ఏడు ఆటలాడి ఏడూ ఓడింది. ముప్పై ఒక్క గోల్స్ తిన్నది, రెండు వేసింది. ఆ రెండింటిలో ఒకటి అవతలి జట్టువాడు తికమకపడి తన గోల్లోకే తన్నుకున్నది.

ముప్పై ఒక్క గోల్స్ ఒకే ఒక మనిషి పక్కనుంచి పోయాయి. ఆ మనిషి గోలు కాచే చాంద్. మాబాషా భార్య జులేఖా బీకి తమ్ముడు. తల్లి పోయిన నాటినుంచి అక్క చేతి అన్నం తిని పెరిగినవాడు. పగలు పంక్చర్ల అంగడి, సాయంత్రం మైదానం, అంతకు మించి అతనికి లోకం లేదు. ఇప్పుడు దువ్వూరులో ఆరడుగుల కీపర్ ఒకడు, పిలిస్తే మీ జట్టుకు వస్తానని కబురు పంపాడు. చాంద్‌కు ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికీ లేక, జట్టంతా కలిసి మాబాషా దగ్గరకు వచ్చింది.

"నువ్వు ఎట్ల చెప్తే అట్లన్నా. ఆదివారం లోపల తేల్చు" అని చెప్పి అందరూ తప్పుకున్నారు.

చాంద్‌ను తీసేస్తే ఇంట్లో అతని ముఖం చూడలేడు, జులేఖా ముఖం అసలే చూడలేడు. ఉంచితే వచ్చే చలికాలం మరో ముప్పై ఒక్కటి చూడాలి. పరుపు మీద పరుపు కుడుతూ ఆలోచించగా, ఆలోచించగా మాబాషాకు ఒక దారి దొరికింది. పోటీలన్నీ జరిగింది మన మైదానంలోనే. అది దక్షిణం వైపు పల్లంగా ఉందేమో. బంతి దానంతట అదే దొర్లుకుంటూ గోల్లోకి పోతుందేమో. నేలదే తప్పని తేలితే చాంద్ బతికిపోతాడు.

ఇల్లు కట్టే మేస్త్రీలు మట్టం చూసుకునే నీళ్ల గొట్టం ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. ఒక కొన గోలు స్తంభానికి కట్టి, రెండో కొన పట్టుకుని మైదానం పొడుగునా నడిచాడు. ఎక్కడ చూసింది గుర్తుండాలని పగిలిన బండ ముక్కలు ఆరు తెచ్చి, వాటి మీద ఎర్ర రంగుతో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేసి, వరుసగా పాతాడు. వాలు ఎందాకా ఉందో చూద్దామని పోగా, ఆరో రాయి మైదానం దాటి వీధి మొదట్లో పడింది.

మైదానం మూలన టీ అమ్మే భీమక్క పాలు పొంగేది కూడా మరిచి ఇదంతా చూసింది.

"ఏం చేస్తాండావు బాషా?"

"ఏం లేదక్కా. ఊరికే కొలుస్తాండా."

"ఊరికే ఎవురన్నా కొలుస్తారా?"

మాబాషా చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నీకు దండం పెడతా, మా ఇంట్లోకి మాత్రం తెలియనీయాకు. తెలిస్తే జులేఖా అన్నం నీళ్లు ముట్టదు."

ఊరి పక్కనుంచి పెద్ద రోడ్డు వస్తుందని, అది ఎటునుంచి పోతుందో ఎవరికీ తెలియదని మూడు నెలలుగా జనం నోళ్లలో నానుతూ ఉంది. ఎర్ర అంకెల రాళ్లు దేనికి పాతుతారో ఆ ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. భీమక్కకు అంతా అర్థమైపోయింది. ఆఫీసువాళ్లు వచ్చి కొలిస్తే జనం అడ్డం పడతారని, ఎవరికీ అనుమానం రాని పరుపుల మనిషి చేత కొలిపిస్తున్నారు. రోడ్డు పాపం అతని ఇంటి మీదనుంచే పోతున్నట్టుంది, అందుకే భార్యకు కూడా చెప్పుకోలేకపోతున్నాడు. ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, టీ తాగడానికి వచ్చినవాళ్లకు తప్ప.

మాబాషా అంగడి తెరిచేసరికి బండల వ్యాపారం చేసే దాసన్న ఎదురు చూస్తున్నాడు. నాలుగు పరుపులు కావాలన్నాడు. ఇంట్లో ఉండేది ఇద్దరు గదా అంటే, చుట్టాలొస్తారన్నాడు. కాసేపు దూది నాణ్యత గురించి మాట్లాడి, రోడ్డు తన బండల అంగడి ముందునుంచి పోతే ఎంత బాగుంటుందో మనసులో పెట్టుకుని, పైకి మాత్రం మెల్లగా అన్నాడు.

"అంతా నీ చేతిలోనే ఉండాదంట గదా బాషా. కొంచెం మా మీద కూడా దయ ఉండనీ."

దాసన్న కూడా జట్టు ఆటలు చూసేవాడే. కీపర్ సంగతి ఇతని దాకా పోయిందా అని మాబాషా ఉలిక్కిపడ్డాడు.

"ఆదివారం లోపల తేలుస్తా దాసన్నా. ఎవురో ఒకరు ఏడ్చక తప్పదు. నేనేమన్నా సంతోషంగా చేస్తాండానా?"

దాసన్న ముఖం పాలిపోయింది. అతను అటు పోగానే పుల్లన్న గిన్నెడు పెరుగుతో వచ్చాడు. పుల్లన్న మొన్ననే ఇంటి ముందు కొత్త వసారా వేయించి రంగు కొట్టించాడు. అతను రెండు దిండ్లకు చెప్పి, కండ్లు తుడుచుకుని, బీదవాళ్ల ఉసురు పోసుకోవద్దని చెప్పి పోయాడు. చాంద్ మీద ఊరికి ఇంత ప్రేమ ఉందని తెలియక ఇన్నాళ్లు గడిపానే అని మాబాషాకు కూడా కండ్లు చెమర్చాయి. పన్నెండు గంటలకల్లా పదకొండు పరుపులు, పందొమ్మిది దిండ్లు చెప్పిపోయారు. ఒక్కడి కోసం ఇంతమంది అడిగాక తీసేయడం ఎట్లా అనుకుంటూ భోజనం చేసి అంగడిలోనే ఒరిగాడు.

మా సీమలో మే నెల రెండు గంటల వేళకు మించిన రహస్యమైన సమయం లేదు. వీధిలో కుక్క కూడా కనిపించదు. ఆ ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని దాసన్న మొదట వచ్చాడు. రాళ్లు పెరికి తన అంగడి వైపు వంకర తిప్పి పాతి పోయాడు. పావుగంటకు పుల్లన్న వచ్చి, నాలుగో రాయి తన వసారా ముందుండడం చూసి గుండెలు బాదుకుని, దాన్ని అవతలికి జరిపాడు. ఆ అవతలివాళ్లు ఇంకా అవతలికి జరిపారు. అందరూ జరపగా జరపగా చివరికి, కొలిచినవాడి ఇంటికే పోనీ అనుకున్నారేమో, ఆరో నంబరు రాయి మాబాషా ఇంటి గడపకు ఆనుకుని నిలబడింది.

నాలుగు గంటలకు నీళ్లు చల్లడానికి బయటికి వచ్చిన జులేఖా బీ దాన్ని చూసింది. బిందె అక్కడే వదిలి అంగడికి పరుగెత్తింది. ఆమె వెనక వీధి వీధంతా వచ్చింది, ఎందుకంటే మిగిలిన రాళ్లు కూడా ఎవరికి వారు పెట్టుకున్న చోట లేవు.

"ఏమయ్యా, మనింటికే రాయి పాతుకున్నావా? నా తమ్మునికి తల దాచుకోను ఇంకో చోటు ఉండాదా?" అంది జులేఖా.

నిద్ర కళ్లతో పరుపుల మీద కూర్చున్న మాబాషాకు ఏమీ అర్థం కాలేదు. నాలుగు పరుపులు చెప్పినా పని జరగలేదని దాసన్న, పెరుగు తిని మోసం చేశాడని పుల్లన్న అరుస్తున్నారు. పుల్లన్నకు కోపం పట్టలేక కాలి చెప్పు తీసి మాబాషా తలకు గురిచూసి విసిరాడు.

అప్పుడే పంక్చర్ల అంగడినుంచి, మెడలో సైకిల్ ట్యూబుతో చాంద్ వస్తున్నాడు. అతను ఆలోచించినట్టు లేదు. గాలిలోకి అడ్డంగా ఎగిరి చెప్పును ఒంటి చేత్తో పట్టుకున్నాడు. జోడులో రెండోది ఎడమ పక్క కిందగా వచ్చింది, దుమ్ములో దొర్లి దాన్నీ పట్టాడు. దాసన్నది నేరుగా ముఖం మీదికి వచ్చింది. దాన్ని పిడికిళ్లతో వీధి అవతలికి కొట్టాడు.

ఏడు ఆటల్లో ఒక్కసారి కూడా చూడని దాన్ని ఒక్క నిమిషంలో మూడుసార్లు చూసిన మాబాషా, ఇల్లు, రాయి, పరుపులు అన్నీ మరిచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కొడుతూనే కూలబడి నిజం చెప్పేశాడు.

"రోడ్డు లేదు, పాడు లేదు. మైదానం పల్లముండాదేమో చూసినానప్పా. గోల్స్ పడేది మనోని తప్పో నేల తప్పో తెలుసుకుందామని."

చాంద్ రెండు చెప్పులూ చేతిలో పట్టుకుని అతనివైపు చూశాడు. "నన్ను తీసేయల్లనా, బావా?"

మాబాషా పరుపు దారం పీకుతూ కూర్చున్నాడు. అతన్ని కాపాడింది జులేఖానే.

"సగం ఆట కాంగానే ఇటోళ్లు అటు, అటోళ్లు ఇటు మారుతారు గదయ్యా. ఇంక పల్లముంటే ఎవురికి, లేకుంటే ఎవురికి?"

ఏడు ఆటలూ గీత పక్కనే నిలబడి చూసిన మనిషికి ఆ సంగతి తట్టలేదు. ముందు భీమక్క నవ్వింది, తరువాత వీధంతా నవ్వింది. చాంద్ మాత్రం నవ్వలేదు. చెప్పును పట్టినవాడివి బంతిని ఎందుకు పట్టలేదురా అని బావ అడిగితే, తల దించుకుని చెప్పాడు.

"బంతి పోతే గోలే గదా బావా, మళ్లా వేసుకోవచ్చు. ఈడ వెనక నీ తలకాయ ఉండాది."

ఆ సాయంత్రమే పదకొండు పరుపులు, పందొమ్మిది దిండ్లు వద్దని చెప్పిపోయారు. పుల్లన్న చెప్పులు తీసుకుని, పెరుగు గిన్నె కూడా అడిగి తీసుకున్నాడు. ఆదివారం జట్టంతా కూర్చుని దువ్వూరు కీపర్‌కు వద్దని కబురు పంపింది. వచ్చే పోటీల్లో చాంద్‌నే నిలబెట్టాలని, అతనికి వెనకగా, వలకు ఇవతల ఒక స్టూలు వేసి దాని మీద మాబాషాను కూర్చోబెట్టాలని తీర్మానించారు. బామ్మర్ది మీద తనకు పూర్తి నమ్మకం ఉందని చెప్పి మాబాషా వెంటనే ఒప్పుకున్నాడు.

ఆ ఎండాకాలం, మిగిలిపోయిన దూదితో తన తలకు సరిపడా ఒక మందపాటి టోపీ కుట్టుకున్నాడు.

ఉరుకుందమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉండేది కర్నూలులో, చిన్న కూతురి ఇంట్లో.