దిబ్బవీధి పంపుకు బంగారు రంగు

సోమవారం పొద్దున్నే పైడిశెట్టి అప్పలస్వామి గారి కంచు విగ్రహం పీఠం దిగి, దిబ్బవీధిలో ఆగిపోయిన చేతిపంపు బాగుచేయడానికి నడిచి వెళ్ళింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ బస్సులు ఆపి దారిచ్చాడు. విధుల మీద వెళ్ళే విగ్రహాలకు దారివ్వాలని ఉత్తర్వు ఉంది.

అప్పలస్వామి గారు బడి ముఖం చూడలేదు. పాడైన యంత్రాలు విప్పి చూసి నేర్చుకున్నారు. కరెంటు లేకుండా, పసిపిల్ల కూడా కొట్టగలిగే పంపు కనిపెట్టి, హక్కులు తన పేర రాయించుకోకుండా దేశానికి వదిలేశారు. మంత్రయ్యాక కూడా జేబులో పానాతోనే సభకొచ్చేవారు. ఒకసారి ప్రతిపక్ష నాయకుడు తనను తిడుతుండగా మైకు ఆగిపోతే, తానే లేచి బాగుచేసి, మిగతా తిట్లు కూర్చుని విన్నారు. ఆ మాట తలుచుకుంటే దేశానికి ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

ఆ గౌరవంతోనే, ఆయన తన చేత్తో బిగించిన ఈ తొలి పంపుకు మునిసిపాలిటీ ఏటా జయంతికి బంగారు రంగు వేస్తుంది. పాత రంగు గీకడం అపచారం కనుక దాని మీదే కొత్తది వేస్తుంది. ఈ జయంతి మర్నాడు పంపు చెయ్యి కదల్లేదు. వీధికి వేరే నీళ్ళు లేవు. జ్వరంతో ఉన్న కూతుర్ని ఇంట్లో వదిలి, నూకరత్నం ఖాళీ బిందె తెచ్చి విగ్రహం కాళ్ళ దగ్గర పెట్టింది. విగ్రహం దిగింది.

పంపు దగ్గర అసిస్టెంట్ ఇంజినీరు భానోజీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరూ విప్పలేదా?" అంది విగ్రహం.

"మీరు బిగించింది సార్. విప్పే ధైర్యం ఎవరికుంటుంది?"

"విప్పడానికే కదయ్యా, బోల్టులు బయటికి పెట్టాను."

"నిజమే సార్. కానీ ఇప్పుడిది జాతీయ స్మారకం. సర్టిఫికెట్ లేనివాళ్ళు ముట్టుకోకూడదు."

"నాకు లేదు."

"తెలుసు సార్. అందుకేగా మీరంటే మాకింత గౌరవం. మూడో తరగతిలో పాఠం కూడా ఉంది."

"ఏటి బాబూ, పాఠం తాగితే దాహం తీరతాదేటి?" అంది నూకరత్నం.

విగ్రహం జేబులోంచి పానా తీసింది. రంగు గీకింది, బోల్టులు వదులు చేసింది, చెయ్యి పట్టుకుని కొట్టింది. భానోజీ ఒక చేత్తో దండం పెడుతూ, రెండో చేత్తో విగ్రహం మీద కేసు రాసుకున్నాడు.

నీళ్ళొచ్చాయి. అందరూ బిందెలు పక్కన పెట్టి చేతులు జోడించారు. నీళ్ళు కాలువలోకి పోయాయి. నూకరత్నం బిందె ఒక్కటే నిండింది, అది ముందే పంపు కింద ఉంది కనుక.

విగ్రహం మళ్ళీ పీఠమెక్కింది. మధ్యాహ్నానికి గీకిన చోట్లన్నీ సరిచేసి, పంపుకు బంగారు రంగు వేశారు. తర్వాత విగ్రహానికీ వేశారు. అలా వెయ్యమని ఎవరూ ఆదేశించలేదు, జనమే అడిగారు. రంగు వేసేవాడు పడిపోకుండా నిచ్చెన పట్టుకుంది నూకరత్నమే. కూతురు నీళ్ళు తాగి పడుకుంది. తల్లి గుండె నిండిపోయి ఉంది.

"మోకాళ్ళ కాడ కాస్త దట్టంగా వెయ్యి నాయనా," అంది పైకి చూసి. "పెద్దాయన మళ్ళీ దిగి కష్టపడకూడదు."

అతను రెండు పూతలు వేశాడు. ఎదురుగా పంపు మీద రంగు ఆరుతోంది. ఇంట్లో బిందెలో ఇంకా సగం నీళ్ళున్నాయి.