వైనాకు అర్థం దొరికేదాకా

“వైనా” అనే రెండక్షరాల మాట పుట్టుపూర్వోత్తరాలు తేల్చడానికి సంస్కృతి శాఖ మంత్రిగారు అత్యున్నత పరిశోధక సంఘాన్ని నియమించారు. మా బరహోనా ఊళ్లో తాళంచెవి వైనా, తలనొప్పి వైనా, పక్కింటివాడి పెళ్లి కూడా వైనాయే. ఒక జాతి ఇంత అయోమయంలో ఎన్నాళ్లు బతుకుతుందని మంత్రిగారు రేడియోలో గద్గదస్వరంతో అడిగారు. నాకైతే కళ్లు చెమర్చాయి.

సంఘం మా పేటకే వచ్చింది. నా కిరాణా కొట్టు ముందు బల్ల వేసి, మైకూ రికార్డరూ పెట్టారు. మాకు కరెంటు రోజుకు నాలుగు గంటలు. మైకు ఆగకూడదు కాబట్టి, విచారణ ముగిసేదాకా మా వీధికి కోత లేదని కరెంటాఫీసు మేనేజరు తెజాదాగారు ఉత్తర్వు ఇచ్చారు.

ఎదురింటి పెద్దావిడ దోన్యా యుఫీమియా చేపలమ్ముతుంది. ఆవిడ ఫ్రీజరు రెండేళ్లలో మొదటిసారి సరిగ్గా గడ్డకట్టింది. ఈ ఏడు మూడుసార్లు సరుకు కుళ్లింది. ఇంకోసారి కుళ్లితే రాజధానిలో పాచిపనికి పోవాల్సిందే.

రెండోరోజే సంఘం అధ్యక్షుడు డాక్టర్ పెగేరో ఫైలు కట్టేశాడు.

“మూలాలు రెండు. పాతరోజుల్లో వైనా అంటే కత్తి ఒర, లేదా చిక్కుడుకాయ తొక్క. ఇక ముగిద్దాం.”

“ఆగు నాయనా!” యుఫీమియా పరుగెత్తుకొచ్చింది. “మా అమ్మమ్మ తుపానును వైనా అనేది. ఆ మాట తుపానులోనే కొట్టుకొచ్చిందట.”

“ఎక్కణ్నుంచి?”

“అది పెద్ద కథ. రేపు చెబుతాలే.”

వీధి మొత్తానికి భాషాభిమానం పొంగింది. మంగలి తన కథలోకి ఒక రాణిగారిని తెచ్చాడు. నేను నా వంతుగా సముద్రపు దొంగలను దింపాను. మూడు వారాలకు అర్థాలు అరవై మూడు, మూలాలు పంతొమ్మిది.

అప్పుడు రాజధాని నుంచి ఫోను వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నానికి కొత్త సాక్షి లేకపోతే సంఘం రద్దు.

శుక్రవారం వచ్చింది. నా దొంగలు అయిపోయారు, మంగలి రాణి చచ్చిపోయింది. యుఫీమియా ఫ్రీజరు నిండా సరుకుంది. ఆవిడ మొహం చూడలేక నేను తక్కెడ తుడుస్తూ కూర్చున్నాను.

“ఇంకెవరైనా ఉన్నారా?” అని పెగేరో మూడుసార్లు అడిగి, మైకు తీగ చుట్టడం మొదలుపెట్టాడు.

అంతలో జీపు ఆగింది. మేనేజరు తెజాదాగారు దిగారు. చేతిలో పేపరు చుట్టిన పొట్లం, దాన్నుంచి నీళ్లు కారుతున్నాయి. బల్లవైపు చూడకుండా నేరుగా యుఫీమియా గుమ్మంలోకి వెళ్లారు.

“పిన్నీ, మేకమాంసం. ఆదివారం మా అమ్మాయి బాప్తిజం. అందాకా నీ ఫ్రీజరులో ఉంచు.”

తర్వాత వచ్చి మైకు ముందు కూర్చున్నారు.

“రాసుకోండి డాక్టరుగారూ, అరవై నాలుగో అర్థం. కాస్త పెద్దది, సోమవారం దాకా పడుతుంది.”