గడప మీద కుర్చీ

స్వస్తి! సహస్రకిరణుడు కిటికీ తెరల సందుగుండా తొంగిచూచి, నిత్యవాయిదావిలాసమగు సభను గాంచి నిట్టూర్చు శుభపూర్వాహ్ణమున, ఏసీ హోరు రణభేరియై మ్రోగ, బిస్కెట్ల పళ్లెములు వ్యూహములుగా మోహరింప, జాతీయ టీకా సలహా సంఘము తుది సమరమునకు కొలువుదీరెను. ఆ సాయంత్రముతో దాని గడువు తీరును. పుట్టి పుష్కరము గడిచినను అది ఒక్క సలహాయైనను ఇచ్చి యెరుగదు.

దాని శత్రువు రోగము కాదు, కోరము. ఏడుగురున్ననే సభ చెల్లును. వచ్చువారు సరిగ్గా ఏడుగురే, తక్కినవారు విదేశయాత్రాదీక్షాపరులు. టీకా కంపెనీ సొమ్ము ముట్టినవారు ఆ టీకాపై చర్చవేళ గదిలో ఉండరాదని మరియొక నిబంధన. ఎన్నడో ఆ కంపెనీవారి సభలో ఉపన్యసించి పారితోషికము గైకొన్న బుర్రమీసాల ప్రొఫెసరు వెలుపలికేగిన కోరము కూలును. లోపలనున్నచో చర్చ చెడును. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

అధ్యక్షురాలు, శిశువైద్యశిరోమణి, సహస్రసూచీధారిణి, పళ్లు కొరికెను. ఈ వాయిదాల నడుమనే ఆమె పెద్ద మనవరాలికి, ఆ టీకా ఆపగలిగిన జ్వరమే సోకి, ఒక చెవి వినికిడి పోయెను. నిన్నగాక మొన్న రెండవ మనవరాలు పుట్టెను.

ప్రొఫెసరు అలవాటు చొప్పున లేచెను. "నేను బయటికి వెళ్తానమ్మా. రూలు రూలే."

"మీరు వెళ్తే కోరం పోతుంది సార్!" అని సంఘపు లాయరు గర్జించెను.

"పోనీ, కూర్చుంటే?"

"చర్చ చెల్లదు."

"మరి నన్నేం చేయమంటావయ్యా?"

అంతట అధ్యక్షురాలు తటాలున లేచి, కుర్చీని జరజర ఈడ్చి, రెండు కాళ్లు లోపల, రెండు కాళ్లు వెలుపల ఉండునట్లు గడపపై నిలిపెను. "ఇక్కడ కూర్చోండి సార్. కోరానికి లోపలున్నట్టు, చర్చకి బయటున్నట్టు. చెవులు మాత్రం గట్టిగా మూసుకోండి. నా మనవరాలు జన్మంతా ఒక చెవితో నెట్టుకురావాలి. మీరు కాసేపు రెండూ మూసుకోలేరా?"

ప్రొఫెసరు కూర్చుండి చెవులలో వ్రేళ్లు దూర్చుకొనెను. లాయరు నిబంధనారణ్యమును తుదముట్ట గాలించెను. "గడప మాట ఎక్కడా లేదు మేడం," అని చేతులెత్తెను.

చెవులు మూయని చేతులన్నియు లేచెను. పసిపిల్లలందరికీ టీకా వేయవలెనను తీర్మానము నెగ్గెను. కరతాళధ్వనులు మిన్నుముట్టినను ప్రొఫెసరు టీ వచ్చువరకు వ్రేళ్లు తీయలేదు.

ఇంతలో కూతురు ఫోను చేసెను. "అయిందా అమ్మా? అయితే రేపే వేయిద్దామా పాపకి?"

"రేపెక్కడే పిచ్చిదానా! మేమిచ్చింది సలహా. వినాలో వద్దో తేల్చడానికి ఇంకో సంఘం వేస్తారట."

ఫోను పెట్టి ఆమె గడపవైపు చూచెను. కుర్చీ తీయబోవు లాయరును వారించెను. "ఉండనీ బాబూ. వాళ్లకీ పనికొస్తుంది."

జయము! జయము! రోగము ఓడలేదు. టీకా రాలేదు. కోరము మాత్రము ఓడెను!