డ్రిల్లు మాస్టారి ఇంటిపన్ను

పింఛను మీద బతికే డెబ్బై దాటిన పెద్దవాళ్లకు ఇంటిపన్నులో సగం తగ్గిస్తారని తెలిసి, రిటైరైన డ్రిల్లు మాస్టారు దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ ఉదయం తనిఖీ ఆఫీసరు రావాలి. రాయితీ రాకపోతే ఇల్లు అమ్ముకుని ఏ అద్దెకొంపలోనో చేరడం తప్ప గతి లేదు. మాస్టారు ఇల్లంతా కలయజూశారు. సోఫా, ఫ్రిజ్జు, టీవీ కంటబడితే తమను కలిగినవాళ్ల కింద జమకట్టేస్తారని ఆయనకు గుబులు పట్టుకుంది.

భార్య వద్దన్నా వినకుండా సామాను పక్కింటికి చేరవేయడం మొదలుపెట్టారు. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే రిటైర్డు నర్సమ్మకు మొహమాటం ఎక్కువ, కాదనలేకపోయింది. ఒకసారి నడుం కట్టాక మాస్టారికి ఆగడం తెలియదు. సోఫా వెనకాల మంచాలు, మంచాల వెనకాల గ్యాస్ పొయ్యి కూడా వెళ్లిపోయాయి.

వచ్చిన ఆఫీసరు బోసిగోడల్ని చూసి, ఇంట్లో ఎవరూ ఉండటం లేదని రాసుకున్నాడు. మాస్టారు బిత్తరపోయి, తాము ఉండేది ఇక్కడేనన్నారు.

"మరి వంటెక్కడ చేసుకుంటున్నారండీ?" అన్నాడు ఆఫీసరు. "మీ పింఛనెంతో మాకు తెలుసు. సామాను చూడ్డానికి రాలేదు నేను. సొంతింట్లో కాపురముంటేనే రాయితీ. అది చూసిపోదామని వచ్చాను."

మాస్టారు వెంటనే ఆఫీసరును చెయ్యి పట్టుకుని పక్కింటికి లాక్కుపోయి తన సామానంతా చూపించారు. రెండు ఫ్రిజ్జులు, రెండు పొయ్యిలు చూసిన ఆఫీసరు, నర్సమ్మ వీళ్లకు ఇల్లు అద్దెకిచ్చిందని తేల్చేశాడు. అద్దె వచ్చే ఇంటికి రాయితీ లేదు. తనూ అదే రాయితీకి దరఖాస్తు పెట్టుకున్న నర్సమ్మ లబోదిబోమంది.

ఇక లాభం లేదని మాస్టారి భార్య జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది. ఆఫీసరు నవ్వాపుకోలేకపోయాడు. ఎక్కడివక్కడ సర్దుకుంటే ఇద్దరికీ రాయితీ రాసేస్తానన్నాడు. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, ఇంత సామాను ఎవరు మోశారని మాటవరసకు అడిగాడు.

భార్య కళ్లతో సైగ చేస్తూనే ఉంది. మాస్టారు ఛాతీ విరిచారు.

"నేనొక్కణ్ణే. ఫ్రిజ్జయితే భుజమ్మీదే."

ఆఫీసరు నవ్వు ఆగిపోయింది. "డెబ్బై దాటాయని రాశారు కదండీ. పుట్టినతేదీ కాగితాలు దొంగవి బోలెడు వస్తున్నాయి. డాక్టరుతో పరీక్ష చేయించుకుని రండి, అప్పుడు చూద్దాం."

నర్సమ్మకు రాయితీ వచ్చింది. మాస్టారిని పరీక్షించిన డాక్టరు ఒకప్పుడు ఆయన దగ్గర డ్రిల్లు నేర్చుకున్నవాడే. గురుభక్తి కొద్దీ, ఈయనది పాతికేళ్ల కుర్రాడి ఒళ్లని రాసిచ్చాడు.