చంద్రప్ప వెనక ఊరేగింపు

ఆ రెండో శనివారం పొద్దున అనుకున్నది పెద్ద పనేమీ కాదు. చంద్రప్ప తన మోటారు సైకిలు మీద తాండూరు నుంచి వికారాబాద్‌లో ఉన్న బామ్మర్ది యాకోబు ఇంటికి పోవాలి. భార్య మార్త, కూతురు మహేశ్వరి వెనకాల వెంకటేశం ఆటోలో రావాలి. బ్రేకు వేసినప్పుడల్లా బండి లైటు ఆటోలో వాళ్లకు తెలిసిందా, బండి చంద్రప్పకే ఉంటుంది. తెలియలేదా, యాకోబు చేతిలో తాళంచెవి పెట్టి, అక్కడే అన్నం తిని, అందరూ బస్సెక్కి తిరిగి రావాలి. ఈ షరతు మార్త పెట్టింది. మార్త షరతుల్లో బేరాలుండవు.

షరతుకు కారణం ఉంది. చంద్రప్ప నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో మేస్త్రి. కొంతకాలంగా ఆయనను వెనక నుంచి గుద్దడం తాండూరులో అందరికీ అలవాటైపోయింది. ముందు పాలాయన గుద్దాడు. తర్వాత గ్యాస్ సిలిండర్ల ఆటో గుద్దింది. చివరికి పాస్టరుగారి స్కూటీ కూడా గుద్ది, ఆయనే కిందపడి, ఆయనే క్షమించాడు. ఆ సిగ్గును మార్త తట్టుకోలేకపోయింది. గుద్దిన ప్రతివాడూ చెప్పింది మాత్రం ఒక్కటే: బ్రేకు వేసినట్టు తెలియలేదని.

"ఇంతమంది ఒక్కటే మాట చెప్తున్నరంటే తప్పు గుద్దినోళ్లది కాదు" అని తేల్చేసింది మార్త. "గా బండి మా తమ్మునికి ఇచ్చెయ్యి. నాకు మొగడు కావాలె, బండి కాదు."

చంద్రప్ప మాట్లాడేది తక్కువ. కానీ రెండు రోజులు అన్నం సగమే తిన్నాడు. ఆ ఇంట్లో ఆయన చెప్పినట్టు వినే వస్తువు ఆ బండి ఒక్కటే.

ఆయన దిగులు కనిపెట్టింది మహేశ్వరి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతోంది. బండిని వాకిట్లో పెట్టి, దాని చుట్టూ తిరిగి, వెనక లైటు మీద వేలితో గీసింది. వేలికి తెల్లటి రాతి పొడి అంటుకుంది. పాలిషింగ్ యూనిట్ ముందు రోజంతా నిలబడే బండికి అది తప్పదు. దానికి తోడు సామాను సంచులు వేలాడి ఆ లైటును సగం మూసేస్తున్నాయి. "లైటును కొంచెం పైకి తెస్త నాయినా" అంది.

తెచ్చింది కూడా. క్యారియర్ వెనక, సంచులకు అందనంత ఎత్తులో, జానెడు వెడల్పు రేకు బిగించి, దాని మీద ఎర్ర ఎల్ఈడీ పట్టీలు వరుసగా అతికించింది. నూనె డబ్బా కోసి పైన చిన్న చూరులా వంచింది, ఎండ పడి వెలుగు తేలిపోకుండా, దుమ్ము నేరుగా పడకుండా. వైర్లు ఎక్కడా వేలాడలేదు. అన్నీ ఒకే నల్లటి గొట్టంలోంచి పోయి పాత బ్రేకు స్విచ్చికి కలిశాయి. రాళ్ల మీద నునుపు చూడటంలో చెయ్యి తిరిగిన చంద్రప్ప ఆ రేకు అంచుల మీద వేలు పెట్టి చూశాడు. ఎక్కడా గీరుకోలేదు. ఆ సాయంత్రం అన్నం రెండోసారి పెట్టించుకున్నాడు.

ఆ లైటు చూశాకే మార్త షరతు పెట్టింది. అట్లా శనివారం బయలుదేరారు. దారిలో ఫోను ఎత్తనని మహేశ్వరి తండ్రి చేత మాట తీసుకుంది. మార్త ఆటోలో ముందుకు వంగి కూర్చుని, ఆ లైటు వెలిగిందంటే ఆయన ఆగుతున్నట్టు లెక్క, నువ్వు కూడా మెల్లగా పోవాలని వెంకటేశానికి చెప్పింది. వెంకటేశం సరేనన్నాడు.

బయలుదేరిన నిమిషంలోనే లైటు వెలిగింది. వెంకటేశం ఆటోను మెల్లగా చేశాడు. లైటు ఆరలేదు. ఆటో మెల్లగానే పోయింది. ఊరు దాటింది, గనుల దారి దాటింది, లైటు ఆరలేదు. అద్దంలో ఆటో వెనకబడుతుంటే చంద్రప్ప కూడా వాళ్ల కోసమని బండిని తగ్గించుకున్నాడు. ఆయన తగ్గించాడని వెంకటేశం ఇంకా తగ్గించాడు. ఆటో వెనక నాపరాళ్ల లారీ చేరింది. దాని వెనక ఒక బస్సు, బస్సు వెనక జీపులు, కార్లు. రోడ్డు పనుల వల్ల సగం దారే తెరిచి ఉంది. ముందుకు దాటడానికి జాగా లేదు.

మహేశ్వరి ముఖం మాడిపోయింది. స్విచ్చి అతుక్కుపోయిందేమో, తన పని వల్లే నాయిన బండి పోతుందేమో అని దిగులు. ఫోను చేసింది. మాట ఇచ్చిన మనిషి ఎత్తలేదు. వెంకటేశం హారన్ కొట్టాడు. ఎందుకు కొడుతున్నాడో తెలియకపోయినా లారీ కొట్టింది, బస్సు కొట్టింది. చంద్రప్పకు ఛాతీ పొంగింది. లైటు ఇంతమందికి నచ్చిందా అనుకుని, ఒక చెయ్యి ఎత్తి ఊపాడు.

ఇక లాభం లేదని వెంకటేశం పక్కకు వెళ్లి చెబుదామని ఆటోను ఉరికించాడు. అద్దంలో చూసిన చంద్రప్ప, దగ్గర నుంచి పరీక్ష చేస్తున్నారనుకుని, గట్టిగా బ్రేకు వేసి చూపించాడు. ఆటో పత్తి చేనులోకి దిగి ఆగింది. లారీ మీద రాళ్లు కటకటలాడాయి. మార్త ఆటో కడ్డీని రెండు చేతులా పట్టుకుంది.

మహేశ్వరి మాత్రం భయపడటం మరిచిపోయి ఆలోచిస్తోంది. "అమ్మా, బండి ఆగింది. లైటు మాత్రం మారలే" అంది మెల్లగా.

ఆటో చేనులోంచి ఎక్కేసరికి ఊరేగింపు మళ్లీ కదిలింది, ఆటో దాని తోకలో పడింది. ధారూరు దగ్గర కొందరు కుర్రాళ్లు డప్పులు, దండలు పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉన్నారు. పంచాయతీ ఎన్నికలు. వాళ్ల మనిషి ప్రచారానికి రావాలి. ముందొక బండి, దానికి పెద్ద ఎర్ర లైటు, వెనక హారన్లు కొడుతూ అన్ని వాహనాలు. వచ్చింది తమ మనిషి కాదు, పెద్ద మనిషెవరో మద్దతుకు వచ్చాడనుకున్నారు. ఆపి మెడలో దండ వేశారు.

చంద్రప్ప అడిగింది ఒక్కటే. "లైటు మంచిగ కనబడ్తుందా?"

"మస్తు కనబడ్తుందన్నా. గెలుపు లైటుదే."

లైటు గుర్తుకే మన ఓటని ఒకడు అరిచాడు. తమ మనిషి గుర్తు కుర్చీ అన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. బండ్లు తీసి వాళ్లూ వెనక చేరారు. డప్పు మోగుతూనే ఉంది.

అనంతగిరి ఘాట్ మొదట్లో ఎస్సై చెయ్యి అడ్డం పెట్టాడు. ర్యాలీకి పర్మిషన్ ఏదని అడిగాడు.

"ర్యాలీ ఎక్కడిది సారు. బామ్మర్ది ఇంటికి అన్నానికి పోతున్న."

ఎస్సై దండ చూశాడు. వెనక మలుపు దాకా ఉన్న వాహనాలు చూశాడు. "వీళ్లంతా అన్నానికేనా?"

చంద్రప్ప మొదటిసారి వెనక్కి తిరిగాడు. యాకోబు ఇంట్లో అంత బియ్యం ఉండదని మాత్రం ఆయనకు తెలుసు.

ఎన్నికలయ్యే దాకా బండి స్టేషన్‌లోనే ఉంటుందన్నాడు ఎస్సై. అప్పటికి మార్త ఆటో దిగి వచ్చింది. పొద్దుటి నుంచి ఆ బండిని వదిలించుకోవాలనుకున్న మనిషి హ్యాండిల్ పట్టుకుని నిలబడింది. "గీ బండిని ఇంట్లకెళ్లి పంపాలంటే నేను పంపాలె సారు. మీరెవరు నడుమల?"

ఎస్సై బండి నంబరు రాసుకుంటుండగా మహేశ్వరి బండి పక్కన కూర్చుని వైర్లు చూసింది. స్విచ్చి బాగానే ఉంది. అతుకులు బాగానే ఉన్నాయి. అప్పుడు ఆమె కళ్లు కిందికి దిగాయి. బండి ఆగి ఉంది. ఇంజను ఆపినా తాళంచెవి తిప్పే ఉంది, లైటు వెలుగుతోంది. నాయిన ఎడమకాలు నేల మీద ఉంది. కుడికాలు బ్రేకు మీద ఉంది.

"నాయినా, గా కాలు తియ్యి."

తీశాడు. లైటు ఆరింది.

"పెట్టు."

వెలిగింది. డప్పు కొడుతున్న కుర్రాడు ఆపేశాడు.

"ఎప్పటి సంది ఉన్నది గా కాలు గాడ?" అంది మార్త.

చంద్రప్పకు ప్రశ్నే అర్థం కాలేదు. "ఇంకెక్కడ పెట్టాలె?"

నిదానంగా అడిగితే సంగతి బయటికొచ్చింది. వయసులో ఉన్నప్పుడు గనిలో ట్రాక్టరు తోలేవాడు. రాళ్లెత్తడానికి ఏటవాలు బాటలో కిందికి దిగాలి. బ్రేకు మీది కాలు తీసినోడు మళ్లీ పైకి రాడని నర్సప్ప మేస్త్రి చెప్పాడట. చంద్రప్ప తీయలేదు. గని వదిలేశాడు, ట్రాక్టరు వదిలేశాడు, కాలు మాత్రం తీయలేదు. పాత లైటు కూడా ఇన్నాళ్లూ రోజంతా వెలుగుతూనే ఉంది. ఎప్పుడూ వెలిగే లైటును చూసి, ఇప్పుడు ఆగుతున్నాడని ఎవరికి తెలుస్తుంది? బ్రేకులు ఎందుకంత తొందరగా అరుగుతాయో తెలియక మెకానిక్ ఇంతకాలం కంపెనీని తిట్టాడు.

ఎస్సై మహేశ్వరిని బ్రేకు నొక్కమని, ఊరేగింపు తోక దాకా నడిచాడు. అక్కణ్నుంచి చెయ్యి ఎత్తాడు. ఆమె వదిలింది, మళ్లీ నొక్కింది. లారీ డ్రైవరు కర్ణాటక సేడం మనిషి, కిందికి దిగి ఆ నూనె డబ్బా చూరు కింద తల పెట్టి చూసి, "చెన్నాగిదె" అని, బాగుందని కన్నడంలో మెచ్చుకున్నాడు. తిరిగొచ్చిన ఎస్సై పర్మిషన్ మాట ఎత్తలేదు. తన బండికి కూడా ఇట్లాంటిది పెడతావా తల్లీ అని అడిగాడు. చంద్రప్ప అందరి ముందూ మెడలోని దండ తీసి కూతురి మెడలో వేశాడు.

మార్త తీర్పు చెప్పింది. "బండికి ఏ రోగం లేదు. లైటుకు లేదు. బండి మన ఇంట్లనే ఉంటది." చంద్రప్ప ముఖం వెలిగింది. "కాలు దారికొచ్చేదాక బిడ్డ నడుపుతది. నువ్వు ఎనుక కూసో."

మహేశ్వరి లైసెన్సు చూపించి, హెల్మెట్ పెట్టుకుని బండెక్కింది. చంద్రప్ప వెనక కూర్చున్నాడు. ఘాట్ మలుపుల్లో లైటు వెలగాల్సిన చోట వెలిగింది, ఆరాల్సిన చోట ఆరింది. వెంకటేశం ఈల వేస్తూ ఆటో తోలాడు.

వికారాబాద్ వచ్చేదాకా చంద్రప్ప కుడికాలు ఉత్త ఫుట్‌రెస్టు మీద గట్టిగా బ్రేకు వేసుకుంటూనే ఉంది.