ఎలుగుబంటికి సీటు

తసియాలుక్ వాసులకు తెలియజేయునది ఏమనగా, మన ఏకైక విమాన సంస్థ వారి ‘ప్రయాణికుడే ముందు’ ఉత్సవం ఈ ఏడు మన ఊళ్ళోనే జరిగింది. ఇంతటి భాగ్యం ఈ మంచు సీమలో మరే ఊరికీ పట్టలేదు.

దానికోసం అందరికన్నా ఎక్కువగా ఎదురుచూసింది మియాలియా. పాపం, దవడ పన్ను పుచ్చి, చెంప పొంగి, కంటిమీద కునుకు లేదు. మన ఊరికి రోడ్డు లేదు కనుక, పన్ను పీకేవాడు కావాలంటే విమానమెక్కి దక్షిణానికి పోవలసిందే. మొదటిసారి బయలుదేరితే వాతావరణం బాగాలేదన్నారు. ఆకాశం అద్దంలా ఉంది. బాగాలేనిది వేరే ఊళ్ళోనట. రెండోసారి విమానమైతే వచ్చింది గానీ, ఆమె సీటు ఊడదీసి దుకాణానికి కూల్‌డ్రింకులు వేసుకొచ్చారు. సంస్థను తప్పుపట్టలేం. అవి తాగితేనే కదా పళ్ళు పుచ్చేది, పళ్ళు పుచ్చితేనే కదా జనం విమానమెక్కేది!

ఈసారి మాత్రం ఢోకా లేదు. సంస్థ ఉపాధ్యక్షుడే వస్తున్నాడు కనుక వాతావరణం కూడా మర్యాదగా ఉంటుంది. తిరుగు విమానంలో ఒక సీటు మియాలియాకు ఖాయం చేశారు. అంత ఉపకారానికి ఊరి తరఫున కానుక ఇవ్వొద్దూ? రాతి బొమ్మలు చెక్కడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. పంటి బిగువున భరించడానికైనా వీల్లేని నొప్పితో తెల్ల ఎలుగుబంటిని చెక్కింది. ఊరి పరువు కదా, ఇంకాస్త పెద్దది చెక్కమని మేయరు జోబీ పోరితే, పెద్దదే చెక్కింది.

ఉత్సవం దివ్యంగా జరిగింది. “మీలో ఏ ఒక్కరినీ మేము వెనక వదిలిపెట్టం!” అని ఉపాధ్యక్షుడు గర్జించాడు. మియాలియాను పక్కన నిలబెట్టి, నవ్వమని ఫోటో తీయించుకున్నాడు. వాచిన చెంప చూసి ఊళ్ళో తిండికి లోటు లేదని సంతోషించాడు.

తర్వాత మియాలియా విమానమెక్కి కూర్చుంది. తూకాలు చూసే పిటా, ఆమె మేనల్లుడే, తల గోక్కుంటూ వచ్చాడు.

“అత్తా, బరువెక్కువైంది. నువ్వు దిగాలి, ఎలుగుబంటి ఎక్కాలి.”

“అది నేను చెక్కిందేరా!”

“అదే నేనూ అంటున్నా. కాస్త చిన్నది చెక్కి ఉంటే ఇద్దరూ పోయేవాళ్ళు.”

ఆమెకు ఏడుపొచ్చింది. అయినా దిగింది. అతిథికిచ్చిన కానుకను దింపమనడం మన ఇంటావంటా లేదు; ఉపాధ్యక్షుణ్ణి దింపమనే ఆలోచన ఎవరికీ రాలేదు.

ఆ సాయంత్రమే ఊరి సభ కూడింది. వచ్చే ఏడు ఉపాధ్యక్షుడి భార్యకు కూడా ఒక బొమ్మ ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఉన్నది ఒక్కటే విమానం, దానితో తగువు పెట్టుకునేదెవరు? ఒప్పుకుంటూ చేతులెత్తిన వారిలో మియాలియా కూడా ఉంది. రెండో చెయ్యి దవడ మీద ఉంది.