తివాచీల కొట్టుకు వచ్చిన పేషెంట్లు

సోమవారం పొద్దున్న కాఫీ కప్పులు ఖాళీ అయ్యేసరికి డాక్టరమ్మ ఇంట్లో పథకం సిద్ధమైపోయింది. తొమ్మిదింటికి కొత్త ఆస్పత్రి తలుపులు తీయాలి. తొమ్మిదీ ఐదుకి మొదటి పేషెంటు మొరగాలి. డాక్టరమ్మ వైద్యం చేసేది కుక్కలకీ పిల్లులకీ. ఎనిమిదేళ్లు ఒక ఇరుకు గదిలో నెట్టుకొచ్చి, ఇప్పుడు మూడు వీధుల అవతల విశాలమైన చోటికి మారింది. ఆమె బెంగ ఒక్కటే, పాతవాళ్లు దారి తెలియక ఇంకో డాక్టరు దగ్గరికి పోతారేమోనని.

"అందరికీ ఒకసారి ఫోన్ చేసి చెప్దామా?" అంది ఆవిడ.

"ఫోన్లేంటక్కా, నవ్విపోతారు!" అన్నాడు తమ్ముడు. అతను కాలేజీలో లెక్కలు చెబుతాడు కానీ మనసంతా అక్క ఆస్పత్రి వెబ్‌సైటు మీదే. దాన్ని కట్టింది అతనే, సాకుతున్నదీ అతనే. "వెబ్‌సైటులో దారి పటం నిన్ననే మార్చేశాను. బయల్దేరే ముందు అందరూ అది చూసుకునే వస్తారు. నువ్వు నిశ్చింతగా ఉండు."

డాక్టరమ్మ తన ఫోన్ తీసి చూసింది. పాత వీధే కనిపించింది.

"నీ ఫోన్ ముసలిదైపోయిందక్కా," అన్నాడు తమ్ముడు తడుముకోకుండా. తన ఫోన్లోనూ పాత వీధే ఉంది గానీ, ఆ మాట పైకి చెప్పాలనిపించలేదు. "బావా, మీ ఫోన్లో చూడండి."

బావ వకీలు. నల్లకోటు వేసుకుంటూ ఒంటి చేత్తో చూశాడు. "కొత్త వీధి. కొత్త భవనం. ఎర్ర బాణం గుర్తు. అంతా సక్రమంగా ఉంది!" అని తీర్పు చెప్పాడు.

బావకి కనిపించిందంటే లోకానికంతా కనిపించినట్టేనని తమ్ముడు కొండంత ధైర్యం తెచ్చుకున్నాడు. "ఇది గనక తప్పితే వెబ్‌సైటు బయటివాళ్లకి ఇచ్చెయ్ అక్కా," అని కూడా అన్నాడు. ఎవరూ అడగని పందెం అది.

తొమ్మిదిన్నర వరకు కొత్త ఆస్పత్రికి ఒక్కరే వచ్చారు. ఆవిడ ఆ ఊరికి వచ్చి వారమే అయింది, చేతిలో ఒక చిలక ఉంది. ఆవిడ తప్ప గదిలో ఉన్నవన్నీ కొత్త కుర్చీలే. డాక్టరమ్మ చిలక ముక్కు చూసి పంపించి, తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు ల్యాప్‌టాప్ తెరిచి పటంలో బాణాన్ని రెండింతలు చేశాడు. పది నిమిషాలైనా ఎవరూ రాలేదు. బాణాన్ని నాలుగింతలు చేశాడు. పావు తక్కువ పదికి ఆ బాణం పటంలో సగం వీధుల్ని మింగేసింది, కానీ వీధిలోంచి ఒక్క పిల్లి కూడా లోపలికి రాలేదు.

అప్పుడు ఫోన్ మోగింది. పాత గదిని అద్దెకి తీసుకుని ఆ రోజే కొట్టు తెరిచిన తివాచీల వ్యాపారి.

"అమ్మా, ఇక్కడ పది కుక్కలూ ఒక పిల్లీ ఉన్నాయి! నేను తివాచీలు పరిచింది కొనేవాళ్లు చూడ్డానికా, మీ పేషెంట్లు పడుకోడానికా?"

చిలకావిడ ఎవర్నో తీసుకొస్తానంది గనక ఆస్పత్రి వదిలి డాక్టరమ్మ కదలడానికి లేదు. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని తమ్ముడే పరిగెత్తాడు. మొదటి రోజని ఆస్పత్రిలో ఆగిన బావ కూడా, కోర్టుకి దారి అటువైపే కావడంతో వెంట నడిచాడు.

కొట్టు సంతలా ఉంది. గుమ్మంలో ఒక నల్ల కుక్క తివాచీ అంచుని శ్రద్ధగా నములుతోంది. చుట్టలు చుట్టి నిలబెట్టిన తివాచీల పైకెక్కిన ఒక పిల్లి, దిగనని భీష్మించుకుంది. యజమానులందరూ తమ్ముడి మీద ఒక్కసారిగా విరుచుకుపడ్డారు.

"ఆరేళ్లుగా వస్తున్నాం, పొద్దున కూడా మీ వెబ్‌సైటు చూసుకునే బయల్దేరాం!"

"ఇంకాసేపు చూసి ఇంకో డాక్టరు దగ్గరికి పోతాం!"

తమ్ముడు అక్కకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. "అక్కా, నీ పాతవాళ్లందరూ ఇక్కడే ఉన్నారు. ఎక్కడికీ పోలేదు."

"పోకుండా పట్టుకోరా!" అంది అక్క.

బావ కోటు సవరించుకుని జనం మధ్యకి వచ్చాడు. "దయచేసి అందరూ శాంతించండి. వెబ్‌సైటులో ఏ తప్పూ లేదు. ఇదిగో సాక్ష్యం," అంటూ తన ఫోన్ ఎత్తి చూపాడు. "కొత్త పటమే ఉంది. నేను ఊరికే చెప్పడం లేదు. ఏడాదిగా రోజూ కోర్టుకెళ్లే ముందు మా ఆవిడ వెబ్‌సైటు చదవందే గుమ్మం దాటను."

"ఆయన చదువుతారు పాపం," అంది ఫోన్లోంచి డాక్టరమ్మ, కాస్త మెత్తబడి.

తమ్ముడు పదకొండు ఫోన్లూ చూశాడు. పదకొండింటిలోనూ పాత పటమే ఉంది. ఇంతలో తివాచీల వ్యాపారి విసుగ్గా తన ఫోన్లో వెబ్‌సైటు తెరిచాడు. అందులో వీధుల్ని మింగిన బాణంతో సహా కొత్త పటం ఉంది!

"మీరు ఇదివరకు ఈ వెబ్‌సైటు చూశారా?" అనడిగాడు తమ్ముడు.

"నాకు కుక్కలతో పనేంటి బాబూ? ఇదే మొదటిసారి."

తమ్ముడి బుర్రలో దీపం వెలిగింది. నిరుడు వెబ్‌సైటు నత్తనడక నడుస్తోందని అక్క గోలపెడితే, ఒకసారి చూసిన బొమ్మని ఏడాదిపాటు తమలోనే దాచుకోమనీ, మళ్లీ వెబ్‌సైటుని అడగొద్దనీ ఫోన్లకి చెప్పి పెట్టింది తనే. పటం కూడా బొమ్మే. దాన్ని మార్చాడు గానీ పేరు మార్చలేదు. పేరు అదే కాబట్టి, దాచుకున్న పాతదాన్నే ఫోన్లు నమ్మకంగా చూపిస్తున్నాయి.

"దొరికింది అక్కా!" అని సంబరంగా అరిచాడు. "ఇదివరకు ఒక్కసారైనా చూసినవాళ్లకి పాత పటమే కనిపిస్తుంది. జన్మలో మొదటిసారి తెరిచినవాళ్లకే కొత్తది కనిపిస్తుంది!"

యజమానులందరూ బావ చేతిలోని ఫోన్ వైపు తిరిగారు. నల్ల కుక్క మాత్రం నమలడం ఆపలేదు.

"అయితే మీ బావకి కొత్తదెలా కనిపించిందిరా?" అంది డాక్టరమ్మ.

తమ్ముడు బావ వైపు చూడలేక ల్యాప్‌టాప్ తెరిచాడు. పటం పేరు మార్చాడు, పేజీకి ఆ కొత్త పేరు చెప్పాడు. "అందరూ పేజీ మళ్లీ తెరవండి," అన్నాడు. పదకొండు ఫోన్లలోనూ కొత్త వీధి ప్రత్యక్షమైంది. కుక్కలు ముందూ మనుషులు వెనకా కదిలారు. చివరికి పిల్లి కూడా దిగింది.

పదిన్నరకి ఆస్పత్రిలో కూర్చోడానికి చోటు లేదు. ఉన్న కుర్చీలు కుక్కలకే చాలలేదు. డాక్టరమ్మ ఒక బొచ్చు కుక్క చెవిలో దీపం వేసి చూస్తుంటే సంతోషంతో ఆమె కళ్లు చెమర్చాయి.

తమ్ముడు తలుపు దగ్గర తలొంచుకుని నిలబడ్డాడు. "పందెం ప్రకారం వెబ్‌సైటు బయటివాళ్లకే ఇచ్చెయ్ అక్కా."

"నోర్మూసుకో. అది నీ దగ్గరే ఉంటుంది," అంది అక్క. "ఎనిమిదేళ్లుగా నన్ను నమ్ముకున్నదెవరో, ఏడాదిగా నాకు కోతలు కోస్తున్నదెవరో ఒక్క పూటలో తేల్చింది. వకీళ్ల వల్ల కూడా కాదది."

ఆ సాయంత్రం బావ కోర్టు నుంచి పెందలాడే వచ్చి, భార్య ఎదురుగా కూర్చుని, వెబ్‌సైటులోని ఏడు పేజీలూ వరసగా చదివాడు. ఏడో పేజీలో తన ఫొటో ఉంది, దాని కింద ఏడాదిగా ఇలా రాసి ఉంది: "ప్రతి అక్షరం అందరికంటే ముందు చదివే మా వారికి కృతజ్ఞతలు."